లాభం ఎవరిది, నష్టం ఎవరిది? సోషలిస్టు ఆలోచనలు, పెట్టుబడి

(హనుమకొండలోని ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నిర్వాహకులు ఈ సభకు పెట్టిన ప్రశ్న 'సోషలిజమా, పెట్టుబడిదారీ విధానమా' అని. కరపత్రంలో కూడా అలాగే వేశారు. నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. ఎందుకంటే అది అడగగానే మనం రెండు జట్లుగా విడిపోతాం. ఒక జట్టు 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది కదా అంటుంది. ఇంకో జట్టు 2008లో అమెరికా బ్యాంకులు కూలిపోయాయి కదా అంటుంది. సాయంత్రం గడిచిపోతుంది, మన చేతికి ఏమీ రాదు. నేను వేరే ప్రశ్నలు అడుగుతాను. ఏ మిల్లు గేటు ముందు నిలబడినా, ఏ గని దగ్గర నిలబడినా ఇవే అడుగుతాను. ఇక్కడ లాభం ఎవరికి పోతోంది? నష్టం ఎవరి మీద పడుతోంది? నిర్ణయం ఎవరు చేస్తున్నారు? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. పిల్లలు రాసుకున్నా మంచిదే.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. ఆజంజాహి మిల్లు. 1934లో పెట్టారు. ఎవరు పెట్టారు? ఏ వ్యాపారో పెట్టలేదు. నిజాం ప్రభుత్వం పారిశ్రామిక నిధి డబ్బుతో పెట్టించింది, యువరాజు ఆజం జా పేరు పెట్టింది. చుట్టుపక్కల పత్తి ఇక్కడికే వచ్చేది. ఇక్కడే నూలు వడికారు, ఇక్కడే బట్ట నేశారు. సంఘం పేరు చెబితే జైల్లో పెట్టిన రాజ్యం తానే ఒక పరిశ్రమకు యజమాని అయింది, చూడండి. తరవాత 1974లో, నష్టాల్లో ఉన్న బట్టల మిల్లులను జాతీయం చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మన మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్ళింది. ఇక ఇది ప్రజల మిల్లు అన్నారు. నిజంగా ప్రజలదయిందా? కొత్త యంత్రాలు ఎప్పుడు కొనాలో కార్మికుణ్ణి అడిగారా? ఏ రకం బట్టకు గిరాకీ ఉందో అమ్మే మనిషిని అడిగారా? మూసేముందు ఈ ఊరిని అడిగారా? లేదు. నిర్ణయం ఢిల్లీలో, నష్టం వరంగల్‌లో. చివరికి స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. మిల్లు పోయింది. దాని భూమి ప్లాట్లయింది.

ఆ మిల్లును చూపించి 'చూశారా, సోషలిజం పని చేయదు' అనేవాళ్ళున్నారు. నేను అడుగుతున్నాను, ఆ మిల్లులో సోషలిజం ఎప్పుడుంది? యజమాని పేరు మారింది, అంతే. మూడు ప్రశ్నలూ వేసి చూడండి. నష్టం జనం ఖాతాలోకి వచ్చింది. నిర్ణయం మాత్రం జనం చేతికి రాలేదు. ప్రభుత్వం నడిపితే సోషలిజం, ప్రైవేటు నడిపితే పెట్టుబడి అనే లెక్క మన బుర్రల్లో ఉన్నంతకాలం ఈ సంబంధం మనకు అర్థం కాదు. ఇవాళ సంగెం, గీసుగొండ దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2017లో శంకుస్థాపన జరిగింది. అక్కడికి వచ్చేవి ప్రైవేటు కంపెనీలు. కానీ భూమి ఎవరు సేకరించి ఇచ్చారు? ప్రభుత్వం. ఎవరి భూమి? రైతులది. రోడ్డు, నీళ్ళు, కరెంటు ఎవరు తెచ్చారు? ప్రభుత్వమే. అంటే పెట్టుబడి ఎక్కడా ఒంటరిగా రాదు. సమాజం భుజం మీద చెయ్యి వేసుకునే వస్తుంది. అలా రావడాన్ని నేను తప్పుపట్టను. మరి సమాజానికి ఆ పార్కులో వాటా ఏమిటి అని అడుగుతాను.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. సోషలిస్టు ఆలోచన ఎక్కడ పుట్టింది? రష్యా అని అక్కడ ఎవరో అన్నారు. రష్యాలో కాదు తమ్ముడూ. అది బట్టల మిల్లులో పుట్టింది. స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్ అనే ఊళ్ళో, క్లైడ్ నది ఒడ్డున నూలు మిల్లు ఉండేది. 1800లో రాబర్ట్ ఓవెన్ దాని నిర్వహణ తీసుకున్నాడు. యజమానుల్లో ఒకడు. మామగారి దగ్గరే కొన్నాడు. అక్కడ రెండు వేల మంది దాకా ఉండేవాళ్ళు, వాళ్ళలో సుమారు ఐదు వందల మంది అనాథాశ్రమాల నుంచి తెచ్చిన పిల్లలు. ఓవెన్ పదేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేశాడు. పనివేళలు తగ్గించుకుంటూ వచ్చాడు. బడి పెట్టాడు. దుకాణం పెట్టి సరుకులు కొన్న ధరకు దగ్గరగా అమ్మించాడు. ఒకసారి అమెరికా పత్తి ఎగుమతి ఆపేస్తే మిల్లు నాలుగు నెలలు నడవలేదు. ఆ నాలుగు నెలలూ పూర్తి జీతం ఇచ్చాడు. ఇదంతా చేసి కూడా మిల్లు లాభాల్లోనే ఉంది. పిల్లల్ని పీడించకుండా కూడా నూలు వడకవచ్చని లెక్కల పుస్తకంతో రుజువు చేసిన మనిషి ఆయన. అందుకే నాకు ఓవెన్ అంటే ఇష్టం.

అయినా ఒక లోపం ఉంది. ఏమిటది? నిర్ణయం ఆయనదే. దయ గల యజమాని, అంతే. భాగస్వాములు ఇంకా లాభం కావాలని పట్టుబట్టిన ప్రతిసారీ ఆ బడి, ఆ జీతం ప్రమాదంలో పడ్డాయి. ఆ తరవాత ఆయన 1825లో అమెరికాలో ఒక ఊరు కొని, న్యూ హార్మొనీ అని ఉమ్మడి ఊరుగా నడిపాడు. కొద్ది సంవత్సరాల్లోనే అది విడిపోయింది. కానీ 1844లో ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే ఊళ్ళో, ఆయన ఆలోచనల నీడలో పెరిగిన 28 మంది, వాళ్ళలో నేతపనివాళ్ళు చాలామంది, తలా ఒక పౌండు వేసుకుని కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు. తూకంలో మోసం లేదు, సరుకులో కల్తీ లేదు, అప్పు లేదు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. మిగులును కొనుగోలును బట్టి పంచుకున్నారు. ఆ కొట్టు నిలబడింది. ఇవాళ ప్రపంచంలో సహకార సంఘాలు చాలావరకు ఆ నియమాల మీదే నడుస్తున్నాయి. ఓవెన్ ఊరు ఎందుకు నిలవలేదు, ఈ కొట్టు ఎందుకు నిలిచింది? ఈ కొట్టు మార్కెట్ మధ్యలో నిలబడింది, లెక్క రాసింది, నిర్ణయం సభ్యుల చేతిలో పెట్టింది. మనం ములుకనూరు సహకార సంఘం దగ్గరికి వచ్చినప్పుడు ఇదే మళ్ళీ కనిపిస్తుంది.

మార్క్స్ విషయం కూడా చూడండి. ఆయనకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మిత్రుడు ఎంగెల్స్ పంపాడు. ఎంగెల్స్‌కు? మాంచెస్టర్‌లో తండ్రికి వాటా ఉన్న నూలు కంపెనీ నుంచి. 1869 దాకా ఎంగెల్స్ ఆ కంపెనీలో పనిచేశాడు. పెట్టుబడి మీద 1867లో వచ్చిన ఆ పెద్ద పుస్తకంలో సాక్ష్యాలు ఎవరివి? విప్లవకారులవి కావు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు. పదిగంటల చట్టం 1847లో వచ్చింది, ఆడవాళ్ళకూ చిన్నవాళ్ళకూ. అది రాకముందు 1837లో నాసో సీనియర్ అనే అర్థశాస్త్రవేత్త వాదించాడు, మిల్లుకు లాభమంతా చివరి గంటలోనే వస్తుంది, ఆ గంట తీసేస్తే పరిశ్రమ నాశనమవుతుందని. చట్టం వచ్చింది. పరిశ్రమ నాశనమయిందా? ఇంకా పెరిగింది. ఈమధ్య మన దేశంలో కూడా పెద్ద కంపెనీలవాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలి, ఇంకా ఎక్కువ చేయాలి అని మాట్లాడారు. ఆ వాదన కొత్తది కాదు, దానికి దాదాపు 190 ఏళ్ళు. చివరి గంట గురించి ఎవరు మాట్లాడినా మీరు సీనియర్‌ను గుర్తుచేసుకోండి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది చాలామంది ఆలోచించరు. యూరపులో పెట్టుబడి ముందు వచ్చింది, సోషలిస్టులు తరవాత వచ్చారు. మన తెలంగాణలో? పల్లెల్లో ఏముండేది? వెట్టి. దొర గడీలో ఉచితంగా పనిచేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి పని వాళ్ళు చేయాలి, కూలి అడగకూడదు. పెట్టుబడిదారీ విధానంలో కనీసం కూలి ఉంటుంది కదా, బేరం ఉంటుంది కదా, ఇష్టం లేకపోతే మానేసి ఇంకోచోటికి పోవచ్చు కదా. వెట్టిలో అదీ లేదు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తరవాత పల్లె పల్లెకూ ఆ సంఘం వెళ్ళింది. రుసుం కట్టి చీటీ తీసుకుంటే సభ్యుడు. చీటీల సంఘం అన్నారు జనం. ఆ సంఘం అడిగినవి ఏమిటి? వెట్టి ఆపండి. చేసిన పనికి కూలి ఇవ్వండి. దున్నేవాణ్ణి భూమి నుంచి వెళ్ళగొట్టకండి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తనది అంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఆ పోరాటం 1951 దాకా నడిచింది.

ఆలోచించండి. పని చేస్తే కూలి రావాలి, పండిస్తే పంట నాది, నా కొలువు నేను మానుకోవచ్చు. సాధారణంగా ఇవి పెట్టుబడిదారీ సమాజం తెచ్చిన హక్కులని పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ వాటిని తెచ్చింది ఎర్రజెండా పట్టుకున్నవాళ్ళు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, ఇవన్నీ ఆ పోరాటం వెనక వచ్చాయి. ఇవాళ జనగామలో, నర్సంపేటలో ఒక రైతు బిడ్డ ఎరువుల దుకాణం పెట్టుకున్నాడంటే, ట్రాక్టర్ కొని అద్దెకు తిప్పుతున్నాడంటే, ఆ స్వేచ్ఛ వెనక ఎవరి రక్తం ఉంది? ఈ గడ్డ మీద మార్కెట్‌కు దారి వేసింది కూడా సోషలిస్టులే. ఈ మాట రెండు వైపులవాళ్ళకూ నచ్చదు. ఉద్యమంలో ఉన్న మిత్రులు 'మేము మార్కెట్ కోసం పోరాడలేదు' అంటారు. వ్యాపారంలో ఉన్నవాళ్ళు 'మేము మా కష్టంతో ఎదిగాం' అంటారు. నచ్చకపోయినా జరిగింది అదే.

మరి పెట్టుబడి సోషలిస్టుల దగ్గర ఏం తీసుకుంది? ఇది తొందరగా చెబుతాను, ఎందుకంటే మీకు చాలావరకు తెలుసు. జర్మనీలో బిస్మార్క్ 1878లో సోషలిస్టు సభలను, పత్రికలను నిషేధిస్తూ చట్టం చేశాడు. అదే బిస్మార్క్ 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. ఒక చేత్తో నోరు మూశాడు, ఇంకో చేత్తో వాళ్ళు అడిగింది ఇచ్చాడు. భయపడి ఇచ్చాడు. అయినా సరే, ఇచ్చింది నిలిచింది. మన ఈఎస్ఐ 1948 నాటిది, పీఎఫ్ 1952 నాటిది. ఇక్కడ ప్రైవేటు ఉద్యోగాలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ జీతం కాగితం మీద పీఎఫ్ అని ఒక వరుస ఉంటుంది కదా, ఆ వరుస ఏ యజమానికీ తనంతట తాను తోచింది కాదు.

మన పెట్టుబడిదారుల గురించి కూడా చెప్పాలి. 1944లో బొంబాయి ప్రణాళిక అని వచ్చింది. రాసినవాళ్ళు ఎవరు? టాటా, బిర్లా, లాలా శ్రీరామ్, కస్తూర్‌భాయి లాల్‌భాయి వంటివాళ్ళు. పదిహేనేళ్ళలో పదివేల కోట్ల రూపాయల పెట్టుబడి కావాలి, పెద్ద పరిశ్రమల్లో ప్రభుత్వం దిగాలి, ప్రణాళిక ఉండాలి అన్నారు. ఎందుకన్నారు? ఉక్కు కర్మాగారాలకు, ఆనకట్టలకు, కరెంటుకు కావాల్సినంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు. ఆ భారం జనం మోయాలి, ఆ పునాది మీద వాళ్ళు మిగతా పరిశ్రమలు కట్టుకుంటారు. అలాగే జరిగింది కూడా. 2008 సెప్టెంబరులో అమెరికాలో ఏఐజీ అనే బీమా కంపెనీ మునిగిపోతుంటే అక్కడి ప్రభుత్వం 85 బిలియన్ డాలర్ల అప్పు ఇచ్చి దాదాపు 80 శాతం వాటా తీసుకుంది. మార్కెట్‌ను వదిలేయండి, అదే సర్దుకుంటుంది అని మనకు పాఠాలు చెప్పిన దేశం అది. లాభం వచ్చినప్పుడు సొంతం, నష్టం వచ్చినప్పుడు ఉమ్మడి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పెట్టుబడి సోషలిజాన్ని వ్యతిరేకించదు మిత్రులారా. నష్టాల విషయంలో దానికి సోషలిజమే కావాలి.

ఇప్పుడు పీవీ గారి దగ్గరికి వద్దాం. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి. 1977లోనూ 1980లోనూ ఈ హనుమకొండ నుంచే లోక్‌సభకు వెళ్ళారు. ఆయన జీవితంలో రెండు ఘట్టాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1971 నుంచి 1973 జనవరి దాకా ముఖ్యమంత్రి. భూపరిమితి చట్టం తెచ్చారు. తరి, అంటే నీటి వసతి ఉన్న భూమి అయితే పది నుంచి ఇరవై ఏడు ఎకరాలు, మెట్ట అయితే ముప్ఫై ఐదు నుంచి యాభై నాలుగు ఎకరాలు, అంతకు మించి ఒక కుటుంబం దగ్గర ఉండకూడదు. ఆ కాలంలో ఆయన్ను భూస్వాములు శత్రువుగా చూశారు. పద్దెనిమిదేళ్ళ తరవాత ప్రధానమంత్రి. 1991 జులై 24న కొత్త పారిశ్రామిక విధానం. కొద్ది పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేశారు. విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచారు. భూమి పంచమన్న మనిషే మార్కెట్ తెరిచారు. కొందరు ఆయన్ను సోషలిజానికి ద్రోహి అంటారు, కొందరు పెట్టుబడికి విముక్తిదాత అంటారు. నా అభిప్రాయం వేరు. లైసెన్సుల రాజ్యం సోషలిజం కాదు. లైసెన్సు సంపాదించగల పెద్ద ఇళ్ళకు అది కోట గోడ, చిన్నవాణ్ణి బయట నిలబెట్టింది. దాన్ని తీయడం తప్పు కాదు. తప్పు ఎక్కడ జరిగిందంటే, భూమి, చదువు, వైద్యం, ఈ మూడింటిలో పని సగంలో ఉండగానే తలుపులు తెరిచాం. బయటి నుంచి గాలి వచ్చినప్పుడు నిలబడగల శక్తి అందరికీ లేదు. 1997, 98ల్లో ఈ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. అప్పు ప్రైవేటు, విత్తనం ప్రైవేటు, మందు ప్రైవేటు. నష్టం ఒక్క మనిషిది. మూడు ప్రశ్నల్లో రెండోదానికి ఇంత క్రూరమైన జవాబు నేను నా జీవితంలో ఇంకొకటి చూడలేదు.

వంగర ఏ మండలం? భీమదేవరపల్లి. అదే మండలంలో ములుకనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు అక్కడ రైతుల సహకార సంఘం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ నడుస్తోంది. అప్పు ఇస్తుంది, విత్తనం ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, పంట కొంటుంది, ధాన్యం మర పట్టిస్తుంది, పత్తి జిన్నింగు చేస్తుంది, వరి విత్తనం తయారుచేసి అమ్ముతుంది. మిగిలిన డబ్బు సభ్యులకు బోనసుగా వెళుతుంది. తరవాత అక్కడే ఆడవాళ్ళు పాల డెయిరీ పెట్టుకున్నారు, వాళ్ళే సభ్యులు, వాళ్ళే పాలకవర్గం. మీలో చాలామంది ఇళ్ళలో ఆ పాల ప్యాకెట్టే ఉంటుంది.

ఆ సంఘం ఎందుకు నిలిచింది? మన జిల్లాల్లో వందల సహకార సంఘాలు ఎందుకు బోర్డులుగా మిగిలాయి? నేను గమనించినంతలో మూడు కారణాలు. వాళ్ళు అప్పు వసూలు చేస్తారు. పంట సంఘానికే అమ్ముతారు కాబట్టి అప్పు అందులోంచే తీరుతుంది, సంఘం ఖాళీ అయిపోదు. ఎన్నికలప్పుడు ఎవరో మాఫీ చేస్తారని కాచుకుని కూర్చోరు. రెండోది, ఊళ్ళవారీగా సభలు జరుగుతాయి, లెక్క చదువుతారు. మూడోది, మంచి ధాన్యం ఇచ్చినవాడికి మంచి ధర, తాలు ఉంటే కోత. అందరూ సమానమే కదా అని తాలు ధాన్యానికి మంచి ధాన్యం ధర ఇవ్వరు. ఇందులో పెట్టుబడిదారీ వ్యాపారి నుంచి నేర్చుకున్నది ఎంత, సోషలిస్టు ఆలోచన ఎంత? విడదీసి చెప్పలేం. లెక్క, నాణ్యత, ధర, ఇవి వ్యాపారం నేర్పాయి. ఒక మనిషికి ఒక ఓటు, మిగులు అందరిదీ, ఇవి సోషలిజం నేర్పింది. ఈ రెండూ ఒకే గదిలో కూర్చుని డెబ్బై ఏళ్ళుగా పని చేస్తున్నాయి. ఇక్కడికి యాభై కిలోమీటర్ల లోపే ఉంది. వెళ్ళి చూడండి, దయచేసి వెళ్ళి చూడండి.

సోవియట్ రష్యా, చైనా సంగతి దాటవేయడం నాకు ఇష్టం లేదు. ధాన్యం బలవంతంగా లాక్కుంటే రైతు విత్తనం వేయడం తగ్గించాడు. లెనిన్ 1921లో వెనక్కి తగ్గి, పన్ను కట్టాక మిగిలింది అమ్ముకోమన్నాడు. స్టాలిన్ కాలంలో దాన్ని రద్దు చేశారు. 1932, 33ల్లో లక్షలాది మంది ఆకలితో చచ్చిపోయారు. చైనాలో 1959 నుంచి 61 దాకా అంతకన్నా ఘోరం, కోట్లలో చావులు. దీన్ని కుట్ర అనో ప్రచారం అనో కొట్టిపారేసేవాళ్ళతో నేను కలవను. అక్కడ కూడా అవే ప్రశ్నలు వేయండి. నిర్ణయం ఎవరిది? పైనుంచి వచ్చింది. నష్టం? పొలంలో ఉన్నవాడిది. 1978 చివర్లో చైనాలోనే షియావ్‌గాంగ్ అనే ఊళ్ళో 18 మంది రైతులు రహస్యంగా వేలిముద్రలు వేసి పొలాలు పంచుకున్నారు. ఎవరి మిగులు వాళ్ళదే అనుకున్నారు. పంట పెరిగింది. కమ్యూనిస్టు పార్టీ దాన్నే తరవాత దేశమంతా ఒప్పుకోవాల్సి వచ్చింది. ధరను రద్దు చేస్తే సమాచారం రద్దవుతుంది. ఎవరికి ఏం కావాలో, ఏది తక్కువ ఉందో ధర చెబుతుంది.

కానీ ధర దానంతట అది న్యాయంగా వస్తుందా? వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వెళ్ళినవాళ్ళున్నారు కదా. పొద్దున మిర్చికి జెండా పాట పాడతారు, అంటే ఒక లాటుకు బహిరంగంగా వేలం వేస్తారు. జెండా పాటలో ఒక ధర. తరవాత మీ బస్తా దగ్గరికి వచ్చేసరికి తేమ అని, తాలు అని ఇంకో ధర. ఆ ఒక్క లాటుకు వచ్చిన ధర పేపర్లో వస్తుంది, మీకు మాత్రం రాదు. కొనేవాళ్ళు కొద్దిమంది, అమ్మేవాళ్ళు వేలమంది, మీ దగ్గర నిల్వ చేసే గిడ్డంగి లేదు, ఆడ్తి, అంటే కమీషన్ వ్యాపారి దగ్గర అప్పుంది. ఈ బేరంలో ఇద్దరూ సమానమా? అందుకే తూకానికి, చెల్లింపుకు చట్టం కావాల్సి వచ్చింది, తూకం వేసే దడువాయికి లైసెన్సు కావాల్సి వచ్చింది, మద్దతు ధరకు పత్తి కొనడానికి కాటన్ కార్పొరేషన్ కావాల్సి వచ్చింది. ధర ఉండాలి. బేరమాడే ఇద్దరికీ నిలబడే చోటు కూడా ఉండాలి.

సింగరేణి నుంచి వచ్చిన మిత్రులు ఈ పక్కన కూర్చున్నారు. మీ కంపెనీ చరిత్ర ఈ సంబంధానికి మంచి పాఠం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కు వెళ్ళింది. మన కింద ఉన్న బొగ్గు, వాటాలు లండన్‌లో. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం. 1990లలో నష్టాలు ముంచెత్తి మూతపడుతుందనుకున్న కంపెనీ. అప్పుడు బయటపడింది, 1990ల చివర లాభంలో పది శాతం కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023-24 సంవత్సరానికి అది, విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, 796 కోట్ల రూపాయలు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. ఎంత మంచి విషయం. లాభం ఎవరిది అనే ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు దేశంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

కానీ అన్నా, రెండో వైపు చూడండి. ఒకప్పుడు లక్ష మందికి పైగా పర్మినెంటు కార్మికులు ఉన్న కంపెనీలో ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. మట్టి తీసే పని, బొగ్గు రవాణా, కాపలా, ఊడ్చే పని, అన్నీ కాంట్రాక్టు. సుమారు పాతిక వేల మంది. ఆ సంవత్సరం మొదటిసారి వాళ్ళకూ ఇచ్చారు. ఎంత? ఐదు వేల రూపాయలు. ఒకరికి లక్షా తొంభై వేలు, ఒకరికి ఐదు వేలు. దుమ్ము ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ ఒకేలా పోతుంది. ప్రభుత్వ కంపెనీ లోపలే ఒక ప్రైవేటు కంపెనీ పెరిగింది. యూనియన్లు గుర్తింపు ఎన్నికల్లో గెలవాలి, ఓట్లు పర్మినెంటు కార్మికులవి, అందుకని కాంట్రాక్టు కార్మికుడి మాట చివరి పేజీలోకి పోయింది. వాటా శాతం పెంచమని అడగండి, అడగాల్సిందే. దానితో పాటు ఆ వాటా ఎంతమందికి అని కూడా అడగండి. మీరు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

చివరి విషయం. ముందు వరసలో ఇద్దరు డెలివరీ చేసే తమ్ముళ్ళున్నారు, సభ మొదలుకాకముందు మాట్లాడాను. ఆర్డర్ రేటు ఎవరు నిర్ణయిస్తారో వాళ్ళకు తెలియదు. ఎవరో తక్కువ స్టార్లు ఇస్తే యాప్‌లో ఐడీ ఆగిపోతుంది, ఇక పని దొరకదు. అడుగుదామంటే మనిషి లేడు. బండి వాళ్ళది, పెట్రోలు వాళ్ళది, పడితే ఆసుపత్రి ఖర్చు వాళ్ళది. వాళ్ళను ఉద్యోగులు అనరు, భాగస్వాములు అంటారు. ఇది కొత్త సాంకేతికత, పాత చట్టాలు పనికిరావు అని మనకు చెబుతారు. నిజమా? బీడీలు చుట్టే అమ్మలు ఇక్కడ ఉంటే చెప్పగలరు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడతారు. ఫ్యాక్టరీ లేదు, గేటు లేదు, వెయ్యి బీడీలకు ఇంత కూలి. యజమానులు ఏమనేవాళ్ళు? వీళ్ళు మా ఉద్యోగులు కారు, ఇంట్లో తమ ఇష్టం వచ్చినప్పుడు చేసుకుంటారు అనేవాళ్ళు. అచ్చం ఇదే మాట.

1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ముడిసరుకు ఇస్తే, దాన్ని ఇంట్లో కూర్చుని చుట్టినా సరే, ఆమె ఉద్యోగే అంది. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు, 1974లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. అంతేకాదు, బాగా లేవని బీడీలు పక్కన పడేస్తే, ఆ తగవు తేల్చే అధికారిని కూడా ఆ చట్టం పెట్టింది. తెలుసా మీకు? స్టార్లు తక్కువ వచ్చాయని ఐడీ ఆపడానికీ, బీడీలు బాగా లేవని పక్కన పడేయడానికీ తేడా ఏముంది? చదువులేని ఆడవాళ్ళు ఆనాడు సాధించుకున్న రక్షణ ఇవాళ డిగ్రీ చదివిన పిల్లలకు లేదు.

ఇప్పుడు ఆ బీడీ చట్టం కొత్త లేబర్ కోడ్‌లలో, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన చట్టాల్లో, కలిసిపోయింది. నాలుగు కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ కార్మికుడు, అంటే ఈ తమ్ముళ్ళలా పనికి ఇంత అని చేసేవాడు, అనే మాట మొదటిసారి చట్టంలోకి వచ్చింది, అది ముందడుగే. కంపెనీలు తమ వార్షిక వ్యాపారంలో ఒకటి నుంచి రెండు శాతం ఈ కార్మికుల సామాజిక భద్రత నిధికి ఇవ్వాలంది. కానీ అదే కోడ్ గిగ్ పనిని సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట ఉన్న పని అని నిర్వచించింది. అంటే నిధి ఇస్తాం, ఉద్యోగి అనే హోదా ఇవ్వం. బిస్మార్క్ చేసిన పనే ఇది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర ఏం అడగాలి? ముందుగా రెండు. రేటు ఎలా లెక్కగడతారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. ఐడీ ఆపితే విని తేల్చే అధికారి జిల్లాలోనే ఉండాలి, హైదరాబాదులో కాదు. ఈ రెండిటి మీద ఒక వినతిపత్రం ముసాయిదా రాసుకొచ్చాను, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంది. తమ్ముళ్ళు చదివి, మీ రోజువారీ అనుభవంలో ఏది తప్పిందో చెప్పండి, మారుద్దాం. కార్మిక శాఖ వాళ్ళకు ఇచ్చే ముందు బీడీ సంఘం అమ్మలకు కూడా చూపించాలి, నలభై ఏళ్ళుగా ఈ తగవులు తేల్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఇక ప్రశ్నలు అడగండి. ముందు సింగరేణి వాళ్ళు, నేను అన్నదానికి జవాబు చెప్పాలని ఉన్నట్టుంది.